చేతిలోని దస్త్రాల గది: ఫైల్ మేనేజర్ యాప్‌లలోని లొసుగులు

(సోలాపూర్ తూర్పు భాగంలోని తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నగరపాలికలో నా ఉద్యోగం అనువాదం. మరాఠీలోనో ఆంగ్లంలోనో వెలువడిన ప్రకటనను మీరు చదువుకొనే తెలుగులోకి తేవడం నా పని. ఘర్‌పట్టీ, పాణీపట్టీ వంటి మాటలను మనవారు తరతరాల క్రిందటే తెలుగులో కలుపుకొన్నారు కనుక వాటితో చిక్కు లేదు. సైబర్ భద్రతను గురించిన ప్రకటనలు రావడం మొదలైన తరువాత మాత్రం ఒక మాట దగ్గర కలం ఆగుతూ వచ్చింది. ఆ మాట ‘వల్నరబిలిటీ’. దాని మూలం లాటిన్ భాషలో గాయం అన్న అర్థమిచ్చే పదం. నిఘంటువులు ‘దుర్బలత’ అంటాయి. అది నాకు నచ్చలేదు. దుర్బలత అనగానే వాడేవాడు బలహీనుడు, అతడిదే లోపం అన్న ధ్వని వస్తుంది. చివరకు ‘లొసుగు’ అన్న మాటను ఎంచుకొన్నాను. చట్టంలో లొసుగు ఉన్నదంటే, దానిని వ్రాసినవాడు సరిగా వ్రాయలేదని అందరికీ తెలుస్తుంది. యాప్ విషయమూ అంతే. నేడు చెప్పబోయే ఉదంతాలలో తప్పు చాలావరకు యాప్‌ను తయారుచేసినవారిది. నష్టం మాత్రం మనది.

ఫోనులో ఫైల్ మేనేజర్ అనే యాప్ ఉంటుంది. కొందరి ఫోనులో రెండు మూడు కూడా ఉంటాయి. దిగుమతి చేసుకొన్న కాగితం ఎక్కడున్నదో వెదకడానికి, పాత వీడియోలను తుడిచివేయడానికి, ఒక ఫోను నుండి మరొక ఫోనుకు ఫోటోలు పంపడానికి దానిని వాడుతాము. ఇది తక్కిన యాప్‌ల వంటిది కాదు. పాటల యాప్‌కు పాటలు కనిపిస్తే చాలు. ఫైల్ మేనేజర్‌కు అన్నీ కనిపించాలి, కనిపించకపోతే దాని పనే జరగదు. కార్యాలయంలో రికార్డు గది తాళం ఎవరి చేతిలో ఉన్నదో అతడి నిజాయితీ ఎంత ముఖ్యమో, ఈ యాప్ నిజాయితీ, పనితనం అంత ముఖ్యం.

ఆండ్రాయిడ్‌ను నడిపే గూగుల్ సంస్థ ఈ ప్రమాదాన్ని గుర్తించకపోలేదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 కూర్పులతో ఒక్కొక్క యాప్ తన వాటా గదిలోనే ఉండాలన్న కట్టుబాటును బిగించింది. అయితే కొన్ని యాప్‌లకు ‘అన్ని ఫైళ్ల’ అనుమతి అనే మినహాయింపును ఉంచక తప్పలేదు. ఆ మినహాయింపు పొందగలిగిన వాటిలో మొదటి వరుసలో ఉన్నవి ఫైల్ మేనేజర్లే. ఒక్క సంగతి స్పష్టంగా చెప్పాలి, అనవసరంగా భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఈ అనుమతి ఉన్నంత మాత్రాన మీ బ్యాంకు యాప్ తనలో దాచుకొన్న సమాచారం మామూలు ఫోనులో ఫైల్ మేనేజర్‌కు చిక్కదు. చిక్కేది ఏమిటంటే, డౌన్‌లోడ్స్ సంచి, కెమెరా చిత్రాలు, వాట్సాప్‌లో వచ్చి ఫోనులో చేరిన ఫోటోలు, పీడీఎఫ్ కాగితాలు.

ఆ సంచిలో ఏముంటుందో మా కార్యాలయపు కిటికీ దగ్గర నిలబడితే తెలుస్తుంది. జనన ధ్రువపత్రం అడిగితే ఫోను తీస్తారు. వేలితో పైకి క్రిందికి జరుపుతుండగా ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పుట, బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు, కుమార్తె మార్కుల జాబితా, ఆసుపత్రి కాగితాలు, ఇంటి ఒప్పందం ఒకదాని తరువాత ఒకటి కనిపిస్తాయి. మన తాతలు తెలంగాణ పల్లెల నుండి ఈ ఊరి మిల్లులకు, మగ్గాలకు వచ్చినప్పుడు తమ కాగితాలను రేకుపెట్టెలో పెట్టుకొని తెచ్చారు. పెట్టె ఇంట్లో ఉండేది. నేటి పెట్టె మనతోపాటు బజారుకు, కార్ఖానాకు, రైలుకు వస్తుంది.

మొదటి ఉదంతం ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అనే యాప్‌ది. ఒకప్పుడు మన దేశంలో ఈ పేరు వినని యువకుడు లేడు. ప్లే స్టోరు లెక్కలోనే 10 కోట్లకు పైగా దిగుమతులు ఉండేవి. 2019 జనవరిలో రాబర్ట్ బాప్టిస్ట్ అనే ఫ్రెంచి పరిశోధకుడు దానిలోని లొసుగును బయటపెట్టాడు. ప్రతి ఫోనులోనూ లోకంతో మాట్లాడడానికి అంకెలు వేసిన ద్వారాలు ఉంటాయి, వాటిని పోర్టులంటారు. అంకెలు 65,535 వరకు ఉంటాయి. ఈ యాప్‌ను ఒక్కసారి తెరిస్తే చాలు, అది 59777వ ద్వారాన్ని తెరచి ఒక చిన్న సర్వరును నడిపేది. అదే వైఫైలో ఉన్న మరొకరు ఆ ద్వారం దగ్గరకు వచ్చి ‘ఫోటోల జాబితా ఇవ్వు’, ‘వీడియోల జాబితా ఇవ్వు’, ‘ఈ ఫైలు పంపు’ అని అడిగితే, నీవెవరు అన్న ప్రశ్నైనా లేకుండా ఇచ్చేది. సంకేతపదం లేదు, యజమానికి సూచన లేదు. ఫోనులో ఏ యాప్‌లు ఉన్నాయో చెప్పేది, వాటిలో ఒకదానిని తెరవమంటే తెరిచేది.

దూరదేశంలో కూర్చొన్నవాడు దీనిని నేరుగా వాడుకోలేడు, దొంగ అదే వైఫైలో ఉండాలి. ఈ మాట వినగానే కొందరు ఊపిరి పీల్చుకొంటారు. కాని మనం ఎవరెవరితో వైఫై పంచుకొంటున్నామో ఆలోచించండి. పది ఇళ్లకు ఒకే రౌటరు ఉన్న చాళ్, పనివారందరికీ ఒకే సంకేతపదం ఉన్న కార్ఖానా, ఊరికి వెళ్లినప్పుడు దిగే లాడ్జి, రోగి దగ్గర రాత్రంతా కూర్చొన్న ఆసుపత్రి. అదే వైఫైలో ఉండడమంటే నమ్మకస్థులతో ఉండడమని కాదు. ఆ యాప్ తయారీదారులు కొద్ది రోజులలోనే సవరించిన కూర్పును విడుదల చేశారు. సవరణ వచ్చినది కదా అంటే, అది ఎక్కించుకొన్నవారికే వచ్చినట్లు.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఉన్నది. ఫైళ్లు పంపుకొనే షేరిట్, జెండర్, కాగితాలను ఫోటో తీసే క్యామ్‌స్కానర్ కూడా ఉన్నాయి. నిషేధానికి చెప్పిన కారణం దేశ భద్రత, పైన చెప్పిన లొసుగు కాదు. కాని ఫలితం గమనించదగినది. స్టోరులో లేని యాప్‌కు స్టోరు ద్వారా దిద్దుబాటు రాదు. షేరిట్‌లోని లొసుగులను ట్రెండ్ మైక్రో సంస్థ 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. పాత ఫోనులో నిలిచిపోయిన ప్రతికి, స్నేహితుడు చేతి నుండి చేతికి పంపిన ప్రతికి ఆ దిద్దుబాటు ఎలా చేరుతుంది? పాత ఫోనును పిల్లల చదువుకో, తల్లిదండ్రులకో ఇచ్చే అలవాటు మనది. అలా ఇచ్చేటప్పుడు ఈ యాప్‌లు ఉంటే తీసివేయండి.

‘చీనా యాప్‌లు, పేరు లేని యాప్‌లు కదా, మా ఫోనుతోపాటు కంపెనీవారే ఇచ్చినది వాడుతున్నాము’ అనేవారికి రెండవ ఉదంతం. 2024 మే 1న మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ‘డర్టీ స్ట్రీమ్’ అని పేరుపెట్టిన ఒక లొసుగును వివరించారు. అది ఉన్న యాప్‌లలో ఒకటి షావోమీ వారి ఫైల్ మేనేజర్. 100 కోట్లకు మించిన స్థాపనలు దానివి. మరొకటి 50 కోట్లకు మించి స్థాపితమైన డబ్ల్యూపీఎస్ ఆఫీస్.

దీని పనితీరు మా కార్యాలయంలోని ఆవక్–జావక్ బల్లను తలచుకొంటే సులువుగా తెలుస్తుంది. బయటి నుండి లకోటా వస్తుంది, గుమాస్తా లోపలి కాగితాన్ని చూసి, తానే అంకె వేసి, తానే నిర్ణయించిన చోట దాఖలు చేయాలి. ఇది పద్ధతి. అలా కాక, లకోటా పైన పంపినవాడు ఏ పేరు వ్రాస్తే ఆ పేరుతో, ఏ బీరువా చెప్తే ఆ బీరువాలో పెట్టే గుమాస్తాను ఊహించుకోండి. పంపినవాడు ‘రెండు అంతస్తులు పైకి వెళ్లి, కమిషనరు గారి ఉత్తర్వుల పుస్తకం స్థానంలో దీనిని ఉంచండి’ అని వ్రాస్తాడు. గుమాస్తా వినయంగా అలాగే చేస్తాడు. మరునాటి నుండి కార్యాలయం నడిచేది ఆ దొంగ పుస్తకం ప్రకారం. ఒక యాప్ మరొక యాప్‌కు ఫైలు పంపినప్పుడు దానితోపాటు పేరు కూడా పంపుతుంది. ఆ పేరులో రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత చేరిస్తే ‘ఒక మెట్టు పైకి వెళ్లు’ అని అర్థం. పుచ్చుకొనే యాప్ పేరును పరీక్షించకుండా నమ్మితే, తన లోపలి ఫైలును తానే చెరిపి దొంగ ఫైలును పెట్టుకొంటుంది. షావోమీ యాప్‌లో అలా మార్చగలిగినది యాప్ తాను నడవడానికి చదువుకొనే ఆజ్ఞల ఫైలునే. ఆపైన దొంగ వ్రాసిన ఆజ్ఞలు ఫైల్ మేనేజర్ అధికారాలతో నడుస్తాయి.

దీనికి ఫోనులో ముందే ఒక చెడ్డ యాప్ ప్రవేశించి ఉండాలి. ఆ చెడ్డ యాప్‌కు మీరు ఏ అనుమతీ ఇవ్వకపోయినా, అనుమతులున్న గుమాస్తా చేత పని చేయించుకొంటుంది. ‘నేను దేనికీ అనుమతి ఇవ్వలేదే’ అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. తయారీదారులిద్దరూ 2024 ఫిబ్రవరి నాటికి దిద్దుకొన్నారు, పరిశోధకులు ఆ తరువాతనే వివరాలు బయటపెట్టారు. అది పద్ధతిగా జరిగిన పని. పేరును నమ్మి మోసపోవడం కొత్త విషయమేమీ కాదు. జిప్ సంచులను విప్పే ప్రోగ్రాములలో ఇదే తప్పు 2018లో ‘జిప్ స్లిప్’ అన్న పేరుతో బయటపడింది. ఆరేళ్ల తరువాత కోట్లమంది వాడే యాప్‌లో మళ్లీ కనిపించడం నాకు క్షమించదగినదిగా తోచదు.

ఇక లొసుగు కాదు, మోసమే అనదగిన మూడవ రకం ఉన్నది. 2023 జూలైలో ప్రాడియో అనే భద్రతా సంస్థ ప్లే స్టోరులోనే ఉన్న రెండు యాప్‌లను పట్టుకొన్నది. ఒకటి పోయిన ఫైళ్లను తిరిగి తెస్తానన్నది, మరొకటి ‘ఫైల్ మేనేజర్’ అన్న మామూలు పేరుతో ఉన్నది. రెండూ కలిసి 15 లక్షల ఫోన్లలో చేరాయి. మేము ఏ సమాచారమూ సేకరించము అని స్టోరు పుటలో వ్రాసుకొన్నాయి. నిజానికి పరిచయాల జాబితా, చిత్రాలు, మనిషి ఉన్న చోటు చీనాలోని సర్వర్లకు పంపుతుండేవి, తమ గుర్తులను తెర మీద కనిపించకుండా దాచుకొనేవి. స్టోరులో కనిపించే ఆ భద్రతా వివరణ తయారీదారు తానే వ్రాసి ఇచ్చేదని గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఫోనులో చూడవలసినది చెప్తాను. సెట్టింగులలో యాప్‌లు, అందులో ప్రత్యేక యాప్ యాక్సెస్, అందులో అన్ని ఫైళ్ల యాక్సెస్ అని ఉంటుంది. ఫోను కంపెనీని బట్టి పేర్లు కొంచెం మారవచ్చు. అక్కడ కనిపించే ప్రతి పేరునూ ‘ఇది నాకు నిజంగా అవసరమా?’ అని అడగండి. టార్చిలైటుకో వాల్‌పేపరుకో ఆ అనుమతి ఉంటే వెంటనే తీసివేయండి. ఫైల్ మేనేజర్ ఒక్కటి చాలు, ఫోనుతో వచ్చినదే చాలు, దానిని ఎప్పటికప్పుడు నవీకరించుకోవాలి. ప్రక్కనే ‘తెలియని యాప్‌ల స్థాపన’ అన్న మరొక అనుమతి ఉంటుంది. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా అన్న పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు దిగేది ఈ ద్వారం గుండానే. ఫైల్ మేనేజర్‌కు, వాట్సాప్‌కు దానిని ఆపివేయండి. శుభలేఖ చదవడానికి యాప్ ఎక్కించవలసిన పని లేదు.

ఆధార్ పీడీఎఫ్‌కు సంకేతపదం ఉన్నది కదా అంటారు. పేరులోని మొదటి నాలుగు ఆంగ్లాక్షరాలు, పుట్టిన సంవత్సరం, ఇదీ ఆ సంకేతపదం. అదే సంచిలో జనన ధ్రువపత్రం ఉంటే తాళంచెవి తలుపుకే వ్రేలాడుతున్నట్లు. కనుక మొదటి ఎనిమిది అంకెలు మరుగుపరచిన ఆధార్‌ను దిగుమతి చేసుకోండి, చాలా పనులకు అది సరిపోతుంది. ముఖ్యపత్రాలను డిజిలాకర్‌లో ఉంచుకొని, పని పూర్తయిన ప్రతులను ఫోను నుండి తుడిచివేయండి. జిరాక్సు దుకాణంలో కంప్యూటరుకు వాట్సాప్ కలిపి ముద్రణ తీయించుకొంటే, బయటకు వచ్చే ముందు ‘లింక్డ్ డివైసెస్’లో దానిని విడదీయండి, దుకాణదారుని చేత ఆ ప్రతిని కూడా తీసివేయించండి. అడగడానికి మొహమాటపడకండి. డబ్బు పోయినట్లు తెలిసిన మరుక్షణం 1930కు ఫోను చేయాలి, రేపు చూద్దామనుకోకూడదు.

ఈ జాగ్రత్తలన్నీ ప్రజలకే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ‘వాట్సాప్‌లో పంపండి’ అని అడిగే కార్యాలయాలు, పాఠశాలలు, ఫైనాన్సు దుకాణాలు ఎన్ని లేవు? గుమాస్తా సొంత ఫోనుకు వెళ్లిన మీ ఆధార్, ఆ గుమాస్తా ఫోనులోని ఫైల్ మేనేజర్ ఎంత మంచిదో అంత భద్రం. ఒక సర్కారీ కొలువులో ఉంటూనే చెప్తున్నాను, అలా అడిగినప్పుడు కాగితాన్ని చూపిస్తాము, కాని ఫోనుకు పంపము అని మర్యాదగా చెప్పే హక్కు మీకున్నది. అధికారిక పోర్టల్ ఉంటే దానిలోనే ఎక్కిస్తామని చెప్పండి. ఈ పుస్తకంలోని మరాఠీ, కన్నడ, ఉర్దూ భాగాలలో కూడా ఈ వాక్యం ఉండాలని నేను కోరాను.

సభ ముగిసిన తరువాత అరగంట సేపు ఈ బల్ల దగ్గరే ఉంటాను. సెట్టింగు ఎక్కడున్నదో తెలియనివారు రండి, కలిసి వెదుకుదాము. ఫోను మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి, నా చేతికి ఇవ్వనక్కరలేదు.