లెక్కలో లేనివాళ్ల లెక్క

(సంగారెడ్డిలో మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాత్రికేయుడి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆయన పాలగుమ్మి సాయినాథ్. ఆయనను పొగిడి కూర్చోవడానికి నేను రాలేదు. ఆయన పనిచేసిన పద్ధతి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం చుట్టుపక్కల ఊళ్లలో తిరిగే మనకు ఎలా పనికొస్తుందో చెప్పాలని వచ్చాను. ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను.

1990ల మధ్యలో నక్కవాగు దగ్గర ఒక ఊళ్లో స్త్రీలతో పనిచేసేదాన్ని. అక్కడ బోరు నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి. తాగే నీళ్ల కోసం ఆడవాళ్లు పక్క ఊరికి నడిచేవాళ్లు. ఆ నీళ్లను ఒక సీసాలో పట్టుకుని, ఆరుగురు స్త్రీలను వెంటబెట్టుకుని ఒక పత్రిక ఆఫీసుకు వెళ్లాను. అక్కడ కూర్చున్నాయన సీసా వైపు చూసి, “ఎంతమంది చనిపోయారమ్మా?” అని అడిగాడు. ఎవరూ చనిపోలేదన్నాను. “అయితే ఏదైనా జరిగినప్పుడు రండి” అన్నాడు. మెట్లు దిగుతూ ఒక పెద్దామె, “అంటే మేం సచ్చినంక రావాల్నా అక్కా?” అంది. నా దగ్గర జవాబు లేదు. కొన్నాళ్లకు సాయినాథ్ పుస్తకం చదివినప్పుడు జవాబు దొరికింది.

సాయినాథ్ 1957లో మద్రాసులో పుట్టిన తెలుగువాడు. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి మనవడు. 1980లో యు.ఎన్.ఐ. వార్తాసంస్థలో చేరి, తర్వాత బొంబాయిలో ‘బ్లిట్జ్’ వారపత్రికకు డిప్యూటీ ఎడిటర్‌గా పనిచేశారు. 1993లో ఆ ఉద్యోగం వదిలి, ఒక ఫెలోషిప్ డబ్బుతో అయిదు రాష్ట్రాల్లోని అతి పేద జిల్లాలకు బయలుదేరారు. దాదాపు లక్ష కిలోమీటర్లు తిరిగారు. అందులో అయిదు వేలు కాలినడకనే. అప్పుడు రాసిన 80కి పైగా కథనాల్లో చాలావరకు 1996లో ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్’ పుస్తకమయ్యాయి. కరువు సాయం నిధులను పాలమూ జిల్లా జనం ‘మూడో పంట’ అనేవారు. ఆ పంటను కోసుకునేవాళ్లు రైతులు కారు, కంట్రాక్టర్లు. పుస్తకం పేరులోని ఎత్తిపొడుపు అదే.

ఆ పుస్తకంలో ఆయన పదేపదే చెప్పేది ఒక్కటే. పత్రికలు సంఘటనను రాస్తాయి, దాని వెనక ఏళ్ల తరబడి నడిచే క్రమాన్ని రాయవు. ఆకలి చావు వార్త అవుతుంది. ఏటా అరకడుపుతో బతకడం వార్త కాదు. మా సీసాకు చోటు దొరకకపోవడానికి కారణం అదేనని నాకప్పుడు అర్థమైంది.

రెండో పాఠం అనంతపురం నుంచి. 1997 నుంచి 2000 వరకు ఆ జిల్లాలో 1,800 మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నారని సాయినాథ్ రాశారు. పోలీసు రికార్డులు తిరగేస్తే అందులో 1,061 మంది చావుకు కారణం ‘కడుపునొప్పి’ అని ఉంది. పురుగుమందు తాగిన మనిషికి కడుపులో నొప్పి రాకుండా ఉంటుందా? అప్పును, ఎండిన పంటను ఒక్క మాటతో తుడిచేశారు. ఆయన ఆ రికార్డును అబద్ధమని కొట్టిపారేసి ఊరుకోలేదు. దాన్ని చేత పట్టుకుని ఊరూరా తిరిగి, చనిపోయినవాళ్ల ఇళ్లలో కూర్చుని అడిగారు. ఇంకొక సంగతి కూడా బయటపెట్టారు. భూమి పట్టా తన పేరు మీద లేని స్త్రీ ఎంత సేద్యం చేసినా, ఆమె చావు రైతు చావుగా లెక్కకు రాదు. ఆమె ‘గృహిణి’గానే మిగిలిపోతుంది.

1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో ఆయన తీసిన శ్రామిక స్త్రీల ఫొటోలు ఒక ప్రదర్శనగా దేశమంతా తిరిగాయి. అందులో విజయనగరం జిల్లా ఫొటో ఒకటుంది. భూస్వామి నిటారుగా నిలబడి ఉంటాడు. అతని పొలంలో తొమ్మిది మంది ఆడకూలీలు నడుం వంచి పనిచేస్తుంటారు. రోజుకు 40 రూపాయలు ఇస్తున్నానని అతనన్నాడు. 25 మాత్రమే ఇస్తున్నాడని ఆ స్త్రీలన్నారు. వాళ్లంతా ఒరిస్సా నుంచి వలస వచ్చిన భూమిలేనివాళ్లు. యజమాని మాట దగ్గరే ఆగిపోయి ఉంటే 40 నిజమైపోయేది.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. పటాన్‌చెరు కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2001లో హైకోర్టుకు బదిలీ అయింది. వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. అప్పుడు ప్రపంచం ఇటు చూసింది. కానీ ఇస్కవాగు, నక్కవాగు పక్కన బట్టలుతికిన స్త్రీలకు, చేతులకు దద్దుర్లు వచ్చినవాళ్లకు, పాడి పోగొట్టుకున్నవాళ్లకు ఆ సంగతి ఎన్నో ఏళ్ల ముందే తెలుసు. తెలిసినది కాగితం మీదికి రాలేదు. అదే మన లోటు.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కర్మాగారం పేలిపోయి నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు. దొరికిన దేహాలు ఎవరివో తేల్చడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు చేయవలసి వచ్చింది. ఆ గేటు బయట నిలబడిన కుటుంబాలను తలుచుకున్నప్పుడల్లా నాకు మెట్ల మీద పెద్దామె మాట గుర్తొస్తుంది. ఆ రోజు కెమెరాలన్నీ వచ్చాయి. అంతకు ముందురోజు ఎవరొచ్చారు? ఆ ముందురోజులను రాసేవాళ్లు కావాలి. ఆ పని ఒక్క సాయినాథ్ వల్ల కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అందుకే ఆయన టీచరయ్యారు. 2004 నుంచి 2014 వరకు ‘ది హిందూ’లో గ్రామీణ వ్యవహారాల సంపాదకుడిగా ఉంటూనే, బొంబాయి సోఫియా పాలిటెక్నిక్‌లోను, మద్రాసు ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలోను పాఠాలు చెప్పారు. 2007లో మెగసెసే అవార్డు వచ్చింది. 2014 డిసెంబరులో ‘పరి’ అనే గ్రామీణ భాండాగారాన్ని ప్రారంభించారు. అందులో కథనాలు తెలుగులో కూడా వచ్చాయి. 2022లో స్వాతంత్ర్య పోరాటపు సామాన్య యోధుల మీద రాసిన పుస్తకంలో మన మల్లు స్వరాజ్యం ఉన్నారు. ఇక్కడ ఒక మాట గర్వంగా చెప్పుకోవాలి. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లోనే ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. అడిగి రాసుకునే విద్య మన ఉద్యమానికి కొత్త కాదు. మధ్యలో మనమే వదిలేశాం. నివేదికల్లో ఎన్ని మీటింగులు పెట్టామో రాస్తున్నాం కానీ ఆ మీటింగులో ఆమె ఏమన్నదో రాయడం లేదు.

కాబట్టి నేను అడిగేది చిన్న పని. ప్రతి బస్తీకి ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ కంపెనీలో, ఏ కంట్రాక్టరు కింద, ఏ షిఫ్టులో ఎవరు పనిచేస్తున్నారు, ఊరు ఏది, ఇంటి దగ్గర ఎవరికి కబురు చేయాలి — ఆమె ఒప్పుకుంటేనే రాయండి. ఆ పుస్తకం యజమాని చేతికి చిక్కకుండా దాచండి. చేతికి ఎంత కూలి వస్తున్నదో, గ్లవుజులు ఇస్తున్నారో లేదో, ఏ రోజు వాసన ఎక్కువగా వచ్చిందో తేదీతో రాయండి. కంపెనీవాళ్లు ఏమంటున్నారో కూడా పక్కనే రాయండి. 40కి 25కి మధ్య తేడా అక్కడే బయటపడుతుంది. చదువురాని అక్క చెబితే చదువుకున్న కూతురు రాస్తుంది.

రేపు మళ్లీ ఏ ఆఫీసులోనైనా “ఎంతమంది చనిపోయారు?” అని అడిగితే, ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, “వీళ్లంతా బతికున్నారు, వీళ్ల గురించి రాయండి” అని అడుగుదాం.