బూజు పట్టిన గింజ

ఇంట్లో తినే వస్తువు రంగు మారినా, వాసన మారినా, పారెయ్యాలా వాడుకోవచ్చా అన్న ప్రశ్న వస్తుంది. కష్టపడి పండించుకున్న వాళ్లకు పారెయ్యడానికి ఒక పట్టాన చెయ్యి రాదు. చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం తాలూకాల్లో ఈ తర్జనభర్జన ఎక్కువగా జరిగేది శెనక్కాయల దగ్గర, జొన్నల దగ్గర. ఈరోజు వాటి గురించే చెప్పుకుందాం.

ముందు భయపడనక్కరలేనివి చూద్దాం. తేనె గడ్డకట్టి పలుకులు తేలితే చెడిపోయినట్టు కాదు. నెయ్యి పూసకట్టడం మంచిదే. బియ్యంలో ముక్కుపురుగు కనిపిస్తే ఎండబెట్టి, చెరిగి, కడిగి వండుకోవచ్చు. పురుగు చూసి మొహం చిట్లిస్తాం గానీ, అది చేసే చెడు తక్కువ. బూజును మాత్రం చేత్తో తుడిచేసి ఊరుకుంటాం. నిజానికి జంకవలసింది దానికే.

శెనక్కాయ మీద పెరిగే పసుపుపచ్చ, ఆకుపచ్చ రంగు బూజుల్లో కొన్ని అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. బూజు దులిపితే పోతుంది, విషం గింజలోనే ఉండిపోతుంది. ఉడకబెట్టినా పోదు. వేయిస్తే కొంత తగ్గుతుందేమో గానీ పూర్తిగా పోదు. రుచి చూసి పట్టుకుందామా అంటే దానికి రుచీ లేదు, వాసనా లేదు. పప్పు చేదెక్కితే ఎలాగూ ఉమ్మేస్తాం, కాని చేదు లేనంత మాత్రాన విషం లేదనుకోవడానికి వీల్లేదు.

ఈ సంగతి లోకానికి తెలిసింది 1960లో. ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. ఏం రోగమో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి వెతగ్గా వెతగ్గా, దాణాలో కలిపిన శెనక్కాయ చెక్క దగ్గర దొరికింది దాని మూలం. మన దేశంలో 1974లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాంస్వాడా జిల్లాల పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని జనం కామెర్లతో, కడుపులో నీరు చేరి మంచాన పడ్డారు. వందమందికి పైగా చనిపోయారు. వాళ్లతోపాటు అదే తిండి తిన్న ఇంటి కుక్కలకూ ఆ జబ్బే వచ్చింది. వాళ్లకు ఆ గింజ బాగాలేదని తెలియక కాదు. ఇంట్లో ఇంకో గింజ లేదు.

మనకు మరింత దగ్గరి కథ 1995లో జరిగింది. దక్కను పీఠభూమి మీద, అటు ఆంధ్రలోనూ ఇటు కర్ణాటకలోనూ, అకాలవర్షానికి జొన్న, మొక్కజొన్న పైరు మీదే తడిసి నల్లబడింది. అవి తిన్న వాళ్లకు కడుపునొప్పి, కడుపులో గుడగుడ, విరేచనాలు పట్టుకున్నాయి. అది వేరే బూజు, వేరే విషం. దాని పేరు ఫ్యుమొనిసిన్. ఆ గింజ మానెయ్యగానే వాళ్లు కోలుకున్నారు.

అఫ్లటాక్సిన్ అంత తొందరగా బయటపడదు. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళితే కాలేయానికి పుండు, అంటే క్యాన్సర్, వచ్చే ప్రమాదం పెరుగుతుంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. శెనక్కాయ పప్పులో ఈ విషం కిలోకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని మన ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. గ్రామును పదిలక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రోగ్రాము. అంత సూక్ష్మమైనదాన్ని కంటితో తేల్చలేం. పరీక్షకు పంపితేనే తెలుస్తుంది.

అందుకని కంటికి పనే లేదనుకోకండి. విషం ఎక్కువగా ఉండేది ముడుచుకున్న పప్పులో, రంగు మారినదాంట్లో, పుచ్చినదాంట్లో, పగిలినదాంట్లో. ఇవి ఏరేస్తే చాలా భాగం పోతుంది. ఇక్కడే మన ఇళ్లలో ఒక విచిత్రం ఉంది. ఏరిన మంచి కాయ మండీకి పోతుంది, ఏరగా మిగిలిన తాలు కాయ మన పిల్లల చేతికి వస్తుంది! ఉండలు చేసేదీ, చట్నీకి రుబ్బేదీ అదే. కొనేవాడు వద్దన్నదాన్ని ఇంట్లో తినడం ఏం న్యాయమో ఇంటి పెద్దలు ఆలోచించాలి.

పోనీ గానుగకు వేద్దామంటారా? నూనె తీసినప్పుడు విషంలో ఎక్కువ పాలు చెక్కలోనే మిగులుతుంది. ఆ చెక్క ఆవు తింటే అందులో కొంత పాలలోకి దిగుతుంది. పాలమ్మి బతికే మన జిల్లాలో ఇది చిన్న మాట కాదు. కాబట్టి బూజు గింజను గొడ్డుకూ పెట్టొద్దు, కోడికీ వెయ్యొద్దు. ఊరికి దూరంగా గొయ్యి తీసి పూడ్చండి. ఏరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు.

అసలు బూజు పట్టకుండా చూసుకోవడమే మేలు. కాయ ఊరే రోజుల్లో వాన లేక నేల కాగితే బూజు భూమిలోనే కాయను పడుతుంది. నీళ్లున్నవాళ్లు అప్పుడొక తడి ఇస్తే నష్టం తగ్గుతుంది. పీకిన చెట్లు వానకు తడుస్తూ కుప్పలో మగ్గకూడదు. కాయ చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల పప్పు గలగలమనేదాకా ఎండాలి. లెక్కగా చెప్పాలంటే తేమ 8 శాతం లోపు ఉండాలి. మూటలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు తగలకుండా పెట్టండి. విత్తనం కాయల మీద నీళ్లు చల్లి ఒలిచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఒలవడం సులువే, కాని ఆ తడి పప్పును ఆరబెట్టకుండా మూటకడితే బూజును పిలిచినట్టే.

ఇంకొక్క సంగతి. ఒకే ఇంట్లో నలుగురికి ఒకేసారి కడుపునొప్పి వచ్చినా, కళ్లు పచ్చబడినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ వారం వండుకున్న గింజల్లోంచి గుప్పెడు పొట్లం కట్టి తీసుకెళ్లి డాక్టరుగారికి చూపించండి.