పాత ఇంగ్లీషు మాటలకు అర్థం చెప్పినవారు
(స్మారకోపన్యాస పాఠం)



నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక సాయంత్రం, ఇవాళ మనం తలుచుకుంటున్న మాస్టారు తన బల్ల మీదున్న ఒక కాగితం నా ముందుకు జరిపారు. 1817లో మద్రాసులో అచ్చయిన ఒక వ్యాకరణానికి ముఖపత్రం నకలు అది. రాసినాయన విలియం బ్రౌన్. మన సి.పి. బ్రౌన్ వేరు, ఈయన వేరు. "ఇది ఏ భాషకు వ్యాకరణమో చెప్పు" అన్నారు. పుస్తకం పేరులో 'జెంటూ లాంగ్వేజ్' అని ఉంది. సంచిలోంచి చిన్న నిఘంటువు తీసి చూశాను. జెంటూ అంటే ఒక రకం పెంగ్విన్ పక్షి అని ఉంది. అదే చెప్పాను. మాస్టారు నవ్వలేదు. "నిఘంటువు మూసి, పేజీ చదవరా" అన్నారు. చదివాను. మద్రాసుకు ఉత్తరాన, వాయవ్యాన ఉండే జనం మాట్లాడే భాష అని ఆ ముఖపత్రం మీదే ఉంది. జెంటూ అంటే తెలుగు. మన భాషకు ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు, ఇంగ్లీషులోనే ముసలిదై, మూలన పడిపోయిన మాట.

పోర్చుగీసువారి 'జెంతియో' నుంచి వచ్చిందది. అన్యమతస్థుడని అర్థం. మొదట హిందువులందరినీ అలా అన్నారు. 1776లో హాల్‌హెడ్ అచ్చువేయించిన 'జెంటూ చట్టాల స్మృతి'లో ఉన్నది ఆ అర్థమే. మద్రాసు చుట్టుపక్కల మాత్రం అది తెలుగువారికీ తెలుగుకూ స్థిరపడింది. అక్కడే అరవాన్ని 'మలబార్' అన్నారు. 1816లో క్యాంబెల్ తన వ్యాకరణానికి పేరు పెడుతూ 'తెలూగూ' అని రాసి, దాన్నే సాధారణంగా జెంటూ అంటారని పక్కన చేర్చాడు. ఒక మాట వెళ్ళిపోతూ, ఇంకొకటి వచ్చి కూర్చోవడం ఆ ఒక్క ముఖపత్రం మీద కనిపిస్తుంది.

పాత మాటకు అర్థం ఇంకో నిఘంటువులో దొరకదు, ఆ మాటను వాడినవాడి వాక్యంలో దొరుకుతుంది. మాస్టారు నాకు నేర్పింది ఈ ఒక్క సంగతే. ఇంగ్లీషువాళ్ళకు ఈ సంగతి ఒంటబట్టడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. ఆ మూడు వందల ఏళ్ళ కథే ఇవాళ్టి ఉపన్యాసం.

ఆంగ్లో-సాక్సన్ మఠాల టీకలు, 1066 తర్వాత ఫ్రెంచి పెత్తనం, కాక్స్‌టన్ అచ్చు యంత్రం, ఇవన్నీ మీరు పాఠాల్లో చదువుకున్నవే. వాటిని దాటేస్తున్నాను. చాసర్ 1400లో పోయాడు. ఆయన కావ్యాలు రెండు వందల ఏళ్ళకు ఇంగ్లీషువాళ్ళకే అర్థం కాకుండా పోయాయి. 'నైస్' అంటే ఆయన కాలంలో తెలివితక్కువ. 'డీర్' అంటే ఒకప్పుడు ఏ జంతువైనా సరే, తర్వాత జింక ఒక్కటే. మనకు ఇది వింతేమీ కాదు. సింహాన్నీ మృగం అంటాం, లేడి కళ్ళున్న పిల్లనూ మృగనయని అంటాం. 1598లో థామస్ స్పెట్ చాసర్ రచనలు అచ్చువేస్తూ చివర కఠినపదాల పట్టిక చేర్చాడు. పాత ఇంగ్లీషు మాటలకు ఇంగ్లీషులోనే అర్థం చెప్పే పని అప్పటికి ఒక రూపానికి వచ్చింది.

ఒక్క మాట దగ్గర ఆగుతాను. 'డెరింగ్-డూ' అని ఇప్పటికీ ఇంగ్లీషు పత్రికల్లో కనిపిస్తుంది. సాహసకృత్యం అని అర్థం. చాసర్ తన కావ్యనాయకుడు ట్రాయిలస్ గురించి చెబుతూ, వీరుడు చేయవలసింది 'చేయడానికి తెగించడం'లో అతను ఎవరికీ తీసిపోడన్నాడు. అక్కడున్నవి రెండు మామూలు క్రియలు, తెగించడం, చేయడం. తర్వాతి కవి లిడ్గేట్ ఆ పలుకుబడిని అనుకరించాడు. పదహారో శతాబ్దపు ప్రతుల్లో అచ్చుతప్పు పడి అది 'డెరింగ్ డూ' అయింది. 1579లో స్పెన్సర్ దాన్ని నామవాచకం అనుకుని తన కావ్యంలో వాడాడు. ఆ కావ్యానికి టీక రాసిన ఇ.కె. అనే ఆయన శౌర్యమని అర్థం రాశాడు. 1819 చివర్లో వచ్చిన 'ఐవాన్‌హో' నవలలో వాల్టర్ స్కాట్ దాన్ని మళ్ళీ బతికించాడు. చాసర్ వాక్యాన్ని ఎవరైనా నిదానంగా చదివి ఉంటే ఈ మాట పుట్టేదే కాదు. పుట్టాక మాత్రం ఇది నిజమైన మాటే. ఈ రెండో వాక్యం గుర్తు పెట్టుకోండి, దీంతో మళ్ళీ పని పడుతుంది.

ఇక నా పొలంలోకి వస్తున్నాను. 1604 నుంచి 1673 వరకు, ఈ డెబ్బై ఏళ్ళ మీదే నా చదువంతా నడిచింది.

1604లో రాబర్ట్ కాడ్రీ ఒక చిన్న పుస్తకం వేశాడు. రట్లండ్ ప్రాంతంలో బడిపంతులుగా, చర్చి గురువుగా ఉండి, అధికార చర్చి పద్ధతులకు ఒదగక ఆ కొలువు పోగొట్టుకున్న మనిషి. ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే అర్థం చెప్పిన మొదటి నిఘంటువు ఇదే. మాటలు సుమారు 2,500. మొదటి ముద్రణ ప్రతి ప్రపంచంలో ఒక్కటే మిగిలింది, ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో. దాని ఫొటో ప్రతితో నేను చాలా ఏళ్ళు గడిపాను. స్త్రీల కోసం, అంతగా చదువు రానివారి కోసం అని కాడ్రీ ముఖపత్రం మీదే రాసుకున్నాడు. ముందుమాటలో, వెతుకుతున్న మాట 'ఏ'తో మొదలైతే పుస్తకం మొదట్లో చూడండి, 'వి'తో మొదలైతే చివర్లో చూడండి అని నేర్పుతాడు. అక్షరక్రమంలో మాట వెతకడం కూడా పాఠకులకు కొత్తైన రోజులవి. గ్రీకు నుంచి వచ్చిన మాటకు ఒక గుర్తు, ఫ్రెంచి నుంచి వచ్చినదానికి ఇంకొకటి పెట్టాడు. లాటిన్ పాఠశాల గడప తొక్కనివ్వని ఆడపిల్ల చేతిలో ఆ పుస్తకాన్ని ఊహించుకోండి. చర్చిలో విన్న మాటకు అర్థం తెలుసుకోవడానికి ఆమె ఇక ఎవరినీ అడగనక్కర్లేదు.

1616లో జాన్ బుల్లోకర్ అనే వైద్యుడు రెండో నిఘంటువు వేశాడు. పాత రచయితల్లో తప్ప ఇప్పుడు వాడుకలో లేని మాటలకు ఆయన నక్షత్రం గుర్తు పెట్టాడు. చిన్న చుక్క. ఈ మాట చచ్చిపోయింది, అయినా చదివేవాడికి కావాలి అని ఆ చుక్క చెబుతోంది. 1623లో హెన్రీ కాకరం వచ్చాడు. 'డిక్షనరీ' అనే పేరు పెట్టుకున్న మొదటి ఇంగ్లీషు-ఇంగ్లీషు పుస్తకం ఆయనదే. ఒక భాగంలో కఠినపదాలకు అర్థాలు. ఇంకో భాగంలో మామూలు మాట ఇచ్చి, దానికి బదులు వాడదగ్గ గంభీరమైన మాట ఇచ్చాడు.

ఇక్కడే నాకూ కొందరు పండితులకూ ఎన్నో ఏళ్ళుగా పేచీ. ఈ పుస్తకాలన్నీ మక్కికి మక్కి దించినవని వారంటారు. నిజమే. కాడ్రీ 1596 నాటి కూట్ బడిపుస్తకం నుంచి, థామస్ లాటిన్ నిఘంటువు నుంచి తీసుకున్నాడు. కాకరం బుల్లోకర్ నుంచి తీసుకున్నాడు. 1946లో స్టార్న్స్, నోయిస్ అనే పరిశోధకులు ఈ అప్పుల చిట్టా అంతా వరసలో పెట్టి చూపించారు. ఆ నిరూపణకు నేను తలవంచుతాను. దాన్నుంచి ఆ పండితులు ఇచ్చే తీర్పుతోనే నా తగాదా. లాటిన్ మాటల తోకలు కత్తిరించి ఇంగ్లీషని చలామణి చేశారు, వాటిని ఎవరూ వాడలేదు, భాషాచరిత్రలోంచి తీసేయాలి అన్నది ఆ తీర్పు.

1601లో బెన్ జాన్సన్ నాటకం 'పోయెటాస్టర్'లో ఒక ఘట్టం ఉంది. ఆడంబరంగా రాసే ఒక కవికి వాంతి మాత్ర వేస్తారు. అతను నోట్లోంచి ఒక్కో కొత్త మాటా పళ్ళెంలోకి కక్కుతాడు. 'ఆబ్లాట్రంట్', 'వెంటాసిటీ' అందులో పడ్డాయి. అవి పోయాయి. 'స్ట్రెన్యువస్', 'స్ప్యూరియస్', 'రెసిప్రోకల్', 'కాన్షస్' కూడా అదే పళ్ళెంలో పడ్డాయి. ఇవాళ ఇవి లేకుండా ఇంగ్లీషు పత్రిక ఒక్క రోజు నడవదు. ఏది బతుకుతుందో ఆ రోజు నాటకశాలలో ఎవరు చెప్పగలరు? భాష గురించి అంత తెలిసిన జాన్సనే చెప్పలేకపోయాడు. అందుకే అన్నిటినీ రాసిపెట్టినవాడు మనకు మేలు చేశాడంటాను. పైగా దించుకోవడమూ ఒక సాక్ష్యమే. ముందువాడి పట్టికలో ఏది వదిలేశాడు, ఏది చేర్చాడు, ఎక్కడ అర్థం మార్చాడు అని పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ మాటకు ఏ దశకంలో వివరణ అక్కర్లేకుండా పోయిందో తెలుస్తుంది. 'డెరింగ్-డూ' పొరపాటుగా పుట్టి నిజమైన మాటగా బతుకుతోందే, మరి ఒక బడిపంతులు తెలిసి చేసిన మాటను ఏ న్యాయంతో కొట్టేస్తాం?

చదవకుండా దించుకోవడం వల్ల కీడు జరగలేదని మాత్రం నేననను. 'అబాకాట్' సంగతి చూడండి. 'బైకాకెట్' అని ఒక రకం టోపీ ఉండేది. ముందున్న 'అ' అనే ఉపపదం దానికి అతుక్కుపోయి, చరిత్రకారుల చేతుల్లో రూపం చెడుతూ చెడుతూ 'అబాకాట్' అయింది. 1664లో స్పెల్మన్ కోశం దాన్ని రెండు కిరీటాల ఆకారంలో ఉండే రాజశిరోభూషణం అని వర్ణించింది. తర్వాతి నిఘంటువులూ విజ్ఞానసర్వస్వాలూ రెండు వందల ఏళ్ళు దాన్ని మోశాయి. 1882లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు జేమ్స్ మరే పాత ప్రతులు తెరిచి చూసి, అలాంటి మాటే లేదని 'అథీనియం' పత్రికలో రాశాడు.

ఇక బ్లౌంట్. ఈయన దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను, క్షమించండి. థామస్ బ్లౌంట్ న్యాయశాస్త్రం చదివినవాడు, కానీ క్యాథలిక్ కావడం వల్ల ఆ వృత్తికి దూరమైనవాడు. తీరిక వేళల్లో ఇరవై ఏళ్ళు కష్టపడి 1656లో 'గ్లాసోగ్రాఫియా' వేశాడు. సుమారు 11,000 మాటలు. ఇంత పని ఎందుకు పెట్టుకున్నాడో ముందుమాటలో చెప్పుకున్నాడు. టర్కుల చరిత్ర చదువుతుంటే మాట తెలియక ఆగిపోయాడట. లండన్ వీధిలోకి వెళితే వంటవాడి దగ్గర, సారాయి అంగడిలో, దర్జీ దగ్గర, చెప్పులు కుట్టేవాడి దగ్గర కూడా తెలియని మాటలే ఎదురయ్యాయట. పుస్తకంలో ఎక్కడ ఆగాడో, వీధిలో ఎక్కడ తెల్లబోయాడో అక్కడే మాట ఏరుకున్నాడు. చాలాచోట్ల ఈ మాట ఫలానా రచయిత వాడాడని పేరు చెప్పాడు. మాట ఎలా పుట్టిందో కూడా చెప్పబోయాడు. "పేజీ చదవరా" అన్న మాస్టారి మాటకు ఇంగ్లీషు నిఘంటుకారుల్లో మొదటి శిష్యుడు ఈయనే.

రెండేళ్ళకే, 1658లో, మహాకవి మిల్టన్ మేనల్లుడు ఎడ్వర్డ్ ఫిలిప్స్ 'ఇంగ్లీషు మాటల కొత్త ప్రపంచం' అనే పెద్ద పుస్తకం వేశాడు. అందులో బ్లౌంట్ శ్రమ పేజీలకు పేజీలు కనిపిస్తుంది. సాయం చేశారంటూ పెద్ద పెద్ద నిపుణుల పేర్లు ముందు వేసుకున్నాడు. బ్లౌంట్ పదిహేనేళ్ళు ఓర్చుకుని 1673లో 'తప్పుల ప్రపంచం' అని ఖండన వేశాడు. తన తప్పులు కూడా అలాగే ఎత్తి రాశాడని చూపించాడు. ఇక్కడ మీరు నన్ను నిలదీయవచ్చు, దించుకున్నవారిని వెనకేసుకొచ్చి ఇప్పుడు బ్లౌంట్ పక్షం వహిస్తున్నారేమని. కాడ్రీ ఆడపిల్లలకు తలుపు తీయడానికి అప్పు చేశాడు. ఫిలిప్స్ ఇంకొకరి పేరు చెరిపి తన పేరు వేసుకున్నాడు. ఈ రెండూ ఒకటని నేను ఎన్నడూ ఒప్పుకోను.

పది నిమిషాలే ఉన్నాయని అధ్యక్షులవారు చీటీ పంపారు. 1721లో నిఘంటువు వేసిన బెయిలీ, 1755లో వేసిన శామ్యూల్ జాన్సన్ మీకు తెలిసినవారే. జాన్సన్ లక్షకు పైగా ఉదాహరణ వాక్యాలు ఇచ్చాడు, అది గొప్ప మలుపు. కానీ ఎక్కువగా కవి సిడ్నీ కాలం నుంచి ఇటువైపే చూశాడు, అంతకు ముందటి మాటలు చాలా బయటే ఉండిపోయాయి. ఆ లోటు ఎత్తి చూపినవాడు ట్రెంచ్ అనే పండితుడు, 1857లో. 1864లో ఫర్నివాల్ అనే ఇంకో పండితుడు పాత గ్రంథాలు అచ్చువేయడానికి ఒక సంఘం పెట్టాడు. 1879లో మరే ఇంగ్లీషు చదివే ప్రతివారినీ, మాట దొరికిన వాక్యం చీటీ మీద రాసి పంపమని అడిగాడు. 1884లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మొదటి భాగం వచ్చింది. 1915లో మరే పోయాడు. 1928లో పని పూర్తయింది.

1886లో రెండు సంగతులు జరిగాయి. అచ్చుతప్పుల్లోంచి పుట్టిన మాటలకు స్కీట్ అనే భాషావేత్త ఆ ఏడు 'దయ్యపు మాటలు' అని పేరు పెట్టాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ మన దేశానిదే. హిందువులు చేతుల్లో 'కైమ్స్' గుచ్చుకుంటారని ఒక ఇంగ్లీషు పత్రిక 1808లో రాసింది. అది 'నైవ్స్', అంటే కత్తులు. అదే ఏడు యూల్, బర్నెల్ కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' వచ్చింది, మన నేల మీద పుట్టిన ఇంగ్లీషు మాటల కోశం. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన బర్నెల్ దాన్ని చూడకుండానే 1882లో కన్నుమూశాడు. మన పందికొక్కు 'బాండికూట్' ఎలా అయింది, జెంటూ అంటే ఎవరు అన్నవి అందులో సాక్ష్యాలతో ఉన్నాయి. ఆ తర్వాత 2001లో ముగిసిన మిషిగన్ మధ్యకాలపు ఇంగ్లీషు నిఘంటువు, టొరంటోలో ఇంకా సాగుతున్న ప్రాచీన ఇంగ్లీషు నిఘంటువు, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కంప్యూటర్లోకి రావడం. వీటికి వేరే రోజు కావాలి.

చివరిగా ఒక మాట. మాస్టారు కంపెనీ కాలపు ఉత్తరాలు, తీర్పులు, వ్యాకరణాలు చదువుతూ అట్టచీటీలు రాసుకునేవారు. పైన మాట, కింద ఏడు, దాని కింద అది దొరికిన వాక్యం. అర్థం చోటు ఖాళీగా వదిలేసేవారు. ఎవరైనా పేజీ చదివి నింపాలని ఆయన కోరిక. ఆ సాయంత్రం జెంటూ చీటీ మీద 'తెలుగు' అని నాచేత రాయించారు. ఆ పెట్టెలు ఇప్పుడు ఈ గ్రంథాలయం పై అంతస్తులో ఉన్నాయి. ఆ వాక్యాల వెనక ఉన్న ఊళ్ళు, పంటలు, పన్నులు, పనిముట్లు మనవి. లండన్‌లో కూర్చున్నవారికి తట్టని అర్థం మన పిల్లలకు తట్టవచ్చు. ఇంకా చాలా చీటీలు ఖాళీగానే ఉన్నాయి. పెట్టెలకు తాళం లేదు.