పిల్లల మనసుకు ప్రభుత్వ నిధులు: మన సంఘాలు అడగవలసింది
(వార్షికోత్సవ సభలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడు కలిసినా మనం నూలు ధర, కరెంటు బిల్లు, పిల్లల స్కాలర్‌షిప్పులు మాట్లాడుకుంటాం. ఈసారి పిల్లల మనసు గురించి మాట్లాడాలని కార్యవర్గంలో అనుకున్నాం. మగ్గం మీద పోగు తెగితే అక్కడే ఆపి అతుకుతాం. బడికి పోనని మూల కూర్చున్న పిల్లాడికి మాత్రం తాయెత్తు కట్టించడమో, రెండు దెబ్బలు వెయ్యడమో జరుగుతోంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ‘పిచ్చి’ అని పేరు పడుతుందనీ, రేపు సంబంధాలు రావనీ తల్లి భయం. ఆ భయం ఉత్తదని మేము అనం. అందుకే సేవ పెద్దాసుపత్రిలో కాదు, మన పేటలో, మన బడిలో ఉండాలంటున్నాం.

2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నలభై మంది తరగతిలో ముగ్గురనుకోండి.

దీనికి ప్రభుత్వం డబ్బు పెట్టడం లేదా అంటే, పెడుతోంది. బళ్లారి వాళ్లు గర్వపడాల్సిన మాట ఒకటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా వాళ్ల జిల్లానే. 1980లలో బెంగళూరు నిమ్‌హాన్స్ వారు అక్కడ నడిపిన పద్ధతినే 1996లో కేంద్రం జాతీయ పథకంగా తెచ్చింది. జిల్లాకు ఏటా రూ.83.2 లక్షల దాకా సాయం ఇవ్వాలని 12వ పంచవర్ష ప్రణాళికలో పెట్టారు. మానసిక వైద్యుడు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉండే బృందం అది. బడుల్లో కౌన్సెలింగ్ కూడా వాళ్ల పనుల్లో ఒకటి. ఈ డబ్బు మన సంఘం ఖాతాలో పడదు. పడకపోయినా ఫరవాలేదు, మనుషులు రావాలి. నెలకోసారైనా మన పేటకు రండని జిల్లా ఆరోగ్య అధికారికి రాతపూర్వకంగా అడిగిన సంఘాలు మనలో ఎన్ని?

అడిగే హక్కు చట్టమే ఇచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వం అందించాల్సిన సేవల్లో పిల్లల సేవలను పేరుపెట్టి చెప్పింది. జబ్బు గురించి, చికిత్స గురించి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలనీ ఉంది. ఇది మనకు చాలా పెద్ద విషయం. షోలాపూర్‌లో పిల్ల బడిలో మరాఠీ చదువుతుంది, ఏడుపు మాత్రం తెలుగులోనే వస్తుంది. బీడీలు చుట్టే తల్లి తన బాధను మరాఠీలో ఎంతని చెప్పగలదు? కాబట్టి అర్జీలో ‘తెలుగు వచ్చిన కౌన్సెలర్’ అని స్పష్టంగా రాయాలి. ఈలోగా 14416కు ఫోన్ చెయ్యొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ-మానస్ అది, పైసా ఖర్చు లేదు, భాషల్లో తెలుగు కూడా ఉంది.

ఇక నేరుగా సంస్థకు వచ్చే గ్రాంటు సంగతి. బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలకు చిన్న కేంద్రమో, ప్రత్యేక బడో నడిపే సంస్థలకు కేంద్ర ప్రభుత్వ దీన్‌దయాళ్ వికలాంగుల పునరావాస పథకం ఉంది. ఆమోదించిన ఖర్చులో 90 శాతం దాకా ఇస్తారు, మిగిలింది మనం పెట్టుకోవాలి. పరీక్షల భయానికో, దిగులుకో కౌన్సెలింగ్ పెడతామంటే ఈ పథకంలో కుదరదు, దానికి జిల్లా బృందమే దారి. ఈ రెండూ కలిపేసి ఒకే దరఖాస్తు రాస్తే రెండూ పోతాయి.

ఈ గ్రాంటుకు సంఘం రిజిస్టరై కనీసం రెండేళ్లు గడవాలి. నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో పేరుండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. ఆడిట్ లెక్కలు సరిగ్గా ఉండాలి. కల్యాణ మండపం లెక్కా, పిల్లల కేంద్రం లెక్కా ఒకే పుస్తకంలో రాసే అలవాటు ఉన్నచోట అది వెంటనే మానాలి. పోయినేడు ఇచ్చిన డబ్బుకు వినియోగ పత్రం లేకుంటే మరుసటి ఏడు ఫైలు కదలదు. జీతం అందని టీచరు వెళ్లిపోతే అప్పుడప్పుడే మాట నేర్చుకుంటున్న పిల్లాడు మళ్లీ మొదటికొస్తాడు. గ్రాంటు ఆలస్యమైనా ఆరు నెలలు జీతాలు ఇవ్వగల నిల్వ లేకుండా కేంద్రం తెరవొద్దని మా గట్టి అభిప్రాయం.

‘మన కులం పిల్లలకే’ అనే షరతు మాత్రం ఎవరూ రాయొద్దు. ప్రభుత్వ డబ్బు పేటలో ఉన్న పిల్లలందరిదీ. పక్కింటి పిల్లాడు కూడా మనవాడే కదా.

జిల్లా ఆరోగ్య అధికారికి ఇవ్వాల్సిన అర్జీ నమూనా తెలుగు, మరాఠీ, కన్నడ, తమిళం, ఒడియాలో సమాఖ్య కార్యాలయంలో సిద్ధంగా ఉంది. శాఖల కార్యదర్శులు ఇవాళ భోజనాల తర్వాత తీసుకుని, మీ పేటలోని బడుల పేర్లు, పిల్లల సంఖ్య రాసి నెలలోపు ఇచ్చేయండి. ముద్ర వేసిన రసీదు కాపీ ఒకటి మాకు పంపండి.