పలనాడు, మన మునసబు కోర్టు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కోర్టు చరిత్ర చెప్పమన్నారు. నేను జడ్జీని కాను, వకీలునూ కాను. నకళ్లు రాసిన గుమాస్తాను. నా బల్ల దగ్గర నుంచి కనబడినంత చెబుతాను.

పలనాటి మొదటి పెద్ద దావా పన్నెండో శతాబ్దం నాటి అన్నదమ్ముల పంపకం. గురజాల నలగామరాజుది, మాచర్ల మలిదేవుడిది. అది ఏ కోర్టుకూ ఎక్కలేదు. కోడిపందెం దాకా పోయి, చివరకు కారెంపూడి యుద్ధంలో తేలింది. ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా మాచర్ల వైపు వాళ్లు పంపకాల దావాలకు అదే గురజాలకు మీటరు గేజి రైల్లో వచ్చి దిగేవారు. మాచర్లకు సొంత కోర్టు తరువాత వచ్చింది.

పై కోర్టులు మాత్రం ఊళ్లు మారుతూనే ఉన్నాయి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా మనది కృష్ణా జిల్లా, కేంద్రం బందరు. హైకోర్టు మద్రాసులో. 1954 జూలైలో ఆంధ్ర హైకోర్టు గుంటూరులోనే పెట్టారు గాని, 1956 నవంబరులో హైదరాబాదుకు తరలిపోయింది. 2019 జనవరి 1న మళ్లీ మన వైపుకు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా అయింది. ఈ మధ్యలో మునసబు గారు జూనియర్ సివిల్ జడ్జి అయ్యారు. పేరు మారింది గాని వాయిదాలు మారలేదు లెండి!

దావాల తీరు మార్చింది మాత్రం సాగర్ నీళ్లు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. నేను ఉద్యోగంలో చేరింది 1972లో. మెట్ట చేలు మాగాణి అవుతున్న రోజులు. చేను విలువ పెరిగే కొద్దీ గట్టు జరిగేది. గట్టు జరిగితే దావా పడేది. అప్పటిదాకా నోటిమాట మీద నడిచిన పంపకాలకు కాగితం కావలసి వచ్చింది. ఆ కాగితం తయారు చేసేది మేమే.

ఒక సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదు. ఏ కోర్టో అడగవద్దు. ఒక ముసలమ్మకు డిక్రీ నకలు రాస్తూ సర్వే నెంబరులో రెండంకెలు తారుమారు చేశాను. సరిచూసిన ఆయనకూ కనబడలేదు. ఆ నకలు పట్టుకుని ఆమె సొసైటీకి అప్పుకు పోతే, ఈ నెంబరు నీ చేనుది కాదన్నారట. మళ్లీ దరఖాస్తు, మళ్లీ స్టాంపు కాగితాలు. మధ్యలో సెలవులు. సరిచేసిన నకలు చేతికొచ్చేసరికి అదను దాటిపోయింది. ఆమె నన్ను తిట్టలేదు.

"నీకు అంకె పోయింది, నాకు పంట పోయింది నాయనా" అని, నకలు కొంగున ముడి వేసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి నెంబరు ఏది రాసినా పైకి చదవడం అలవాటయింది. రిటైరై ఇన్నేళ్లయినా, ఏటా లైఫ్ సర్టిఫికెట్టులో పి.పి.ఓ. నెంబరు వేసేటప్పుడు అంకె అంకె చదువుతుంటే మా ఇంటావిడ, "ఎవరికండీ చెబుతున్నారు?" అంటుంది.