జీతం కాని జీతం



శ్రీకాకుళం, విజయనగరం ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క సంవత్సరం గురించే మాట్లాడతాను. ఇంటర్ ఒకేషనల్‌లో ఆరోగ్య కార్యకర్త కోర్సు (ఎం.పి.హెచ్.డబ్ల్యు.) చదివిన అమ్మాయి ఆ తర్వాత ఆస్పత్రిలో గడపాల్సిన సంవత్సరం అది. అప్రెంటిస్‌షిప్పో క్లినికల్ శిక్షణో పూర్తిచేసి, నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదైతేనే ఆమె ఏఎన్ఎం. లేకపోతే రెండేళ్ల చదువూ ఉత్త కాగితమే. 2019లో గ్రామ సచివాలయాలకు పదమూడు వేలకు పైగా ఏఎన్ఎం పోస్టులు ప్రకటించినప్పుడు ఈ మెలిక దగ్గర ఆగిపోయిన వాళ్లు మీకూ తెలిసే ఉంటారు.

1961 అప్రెంటిస్ చట్టంలోకి ఒకేషనల్ విద్యార్థులు వచ్చింది 1986 సవరణతో. 2019లో వీరి కనీస స్టైఫండ్‌ను నెలకు 7,000 రూపాయలు చేశారు. అందులో సగం కేంద్రం భరించే ఏర్పాటుంది. దీన్ని దయాధర్మం అనుకోకండి. పలాస జీడిపప్పు బట్టీకో, తల్లిదండ్రులతో విశాఖ తాపీపనికో వెళ్తే నాలుగు రాళ్లు తెచ్చే కూతుర్ని ఏడాదిపాటు చేతినుంచి ఖర్చుపెట్టి ఆస్పత్రికి పంపే ఇల్లు మన వైపు ఎన్ని? స్టైఫండ్ ఆగితే పెళ్లి మాట మొదలవుతుంది.

అయితే అదే చట్టం 18వ సెక్షన్‌లో అప్రెంటిస్ శిక్షణ పొందే మనిషే గాని కార్మికురాలు కాదంటుంది. కార్మిక చట్టాలు చాలావరకు ఆమెకు వర్తించవు. ఓ నర్సింగ్ హోమ్‌లో నేను కలిసిన అమ్మాయి వరసగా రాత్రి డ్యూటీలే చేస్తోంది. పక్కలు మార్చడం, బెడ్‌పాన్లు తియ్యడం బాగా వచ్చాయి. కాన్పు చెయ్యడం ఎవరూ నేర్పలేదు. రేపు ఈమెనే సీతంపేట కొండల మీదికి పంపుతారు. మూడువేల మందికొక సబ్‌సెంటర్ అని లెక్క ఉన్న చోటికి! సేవాగుణం ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తుందనే పాత నమ్మకం ఇక్కడ యాజమాన్యాలకు బాగా కలిసొస్తుంది. పుట్టుకతో వచ్చినదానికి నేర్పడమెందుకు, డబ్బెందుకు?

చట్టంలో మనకు పనికొచ్చేవీ ఉన్నాయి. అప్రెంటిస్‌షిప్ అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. పనిలో గాయపడితే నష్టపరిహారం ఇవ్వాలి. ఒప్పందం రిజిస్టర్ కావాలి. పద్దెనిమిది నిండకపోతే సంతకం సంరక్షకుడిది. అంటే మన ఇళ్లలో తండ్రిదే. అందుకే ఆ కాగితంలో ఏముందో పిల్లకు తెలియదు.

మీ మండలంలో ఈ ఏడాది శిక్షణలో ఉన్న అమ్మాయిలెవరో కనుక్కోండి. ఒప్పందం నకలు వాళ్ల దగ్గరుందా, స్టైఫండ్ ఎవరి ఖాతాలో పడుతోంది, ఇప్పటికి ఎన్ని కాన్పులు దగ్గరుండి చూశారు? ఈ మూడూ అడిగి రాసుకుని రండి. వచ్చే సమావేశంలో ఆ కాగితాలు ముందు పెట్టుకునే మాట్లాడుకుందాం.