పెద్దల పాట – పిల్లల రికార్డు



ఊరగాయలూ, వడియాలూ ఏడాది పొడుగునా దాచుకోవడం మనకు వెన్నతో పెట్టిన విద్య. మరి పాటను దాచుకోవడం ఎలా? అమెరికాలో కొందరు కుర్రాళ్లు ఆ పని ఎలా చేశారో ఇవాళ ముచ్చటించుకుందాం.

ఆ దేశపు దక్షిణాది పల్లెల్లో పెరిగిన సంగీతాన్ని కంట్రీ మ్యూజిక్ అంటారు. మన జానపదాల్లాగే ఒకరి నోటి నుంచి మరొకరి నోటికి వచ్చిన పాటలెన్నో అందులో ఉన్నాయి. వర్జీనియా కొండల్లో మేబెల్ కార్టర్ అనే ఇల్లాలు ఉండేది. 1927 ఆగస్టులో ఆమెకు 18 ఏళ్లు; కడుపుతో ఉంది. బావగారితోనూ, చంటిబిడ్డ తల్లి అయిన తోడికోడలు సారాతోనూ కలిసి బ్రిస్టల్ పట్టణానికి వెళ్లి, రికార్డు కంపెనీ వారికి రెండు రోజుల్లో ఆరు పాటలిచ్చింది. బొటనవేలితో లావు తీగెల మీద వరస పలికిస్తూ, చూపుడువేలితో సన్నతీగెల మీద లయ నడిపించే ఆమె గిటారు పద్ధతి తర్వాతి వాళ్లకు ఒరవడి అయింది. అంతటి మనిషీ, పాటకు గిరాకీ తగ్గిన రోజుల్లో రోగుల దగ్గర సహాయకురాలిగా పనిచేసింది!

ఇక 1971 ఆగస్టుకు వద్దాం. కాలిఫోర్నియా నుంచి నిటీ గ్రిటీ డర్ట్ బ్యాండ్ అనే యువకుల బృందం నాష్‌విల్ నగరానికి వచ్చింది. భుజాల దాకా జుట్టు పెంచిన కుర్రాళ్లు! ‘మీ పాటలు మీతోనే పాడించి, పక్కన మేం వాయిస్తాం’ అన్నది వాళ్ల కోరిక. బిల్ మన్రో అనే పెద్దాయన ఒప్పుకోలేదు. రాయ్ ఎకఫ్ మొదట తటపటాయించి, వాళ్ల వాయిద్యం విన్నాక వచ్చి పాడాడు. 62 ఏళ్ల మేబెల్ వచ్చింది. కళ్లు లేని గిటారు విద్వాంసుడు డాక్ వాట్సన్ వచ్చాడు.

రికార్డు చేసిన తీరు చూడండి. గొంతులు విడిగా, వాయిద్యాలు విడిగా పట్టి తర్వాత అతికించలేదు. అందరూ ఒకే గదిలో కూర్చుని ఒకేసారి పాడి వాయిస్తే, రెండే ట్రాకుల టేపు మీద పట్టారు. వంటయ్యాక ఉప్పు సరిచేసే వీలు లేదన్నమాట! తిరగవేసిన కొద్దీ పాటలో ఏదో కొంత పోతుందనీ, మొదటిసారే ప్రాణం పెట్టి పాడాలనీ ఎకఫ్ నమ్మకం. పాటల మధ్య కబుర్లను కూడా కొన్నిచోట్ల తీసెయ్యకుండా ఉంచారు. వాట్సన్ తన కొడుక్కి ఎవరి పేరు పెట్టుకున్నాడో, ఆ మెర్ల్ ట్రావిస్‌ను మొదటిసారి కలుసుకుని మాట్లాడిన మాటలు ఆ రికార్డులో ఇప్పటికీ వినవచ్చు.

1972లో అది మూడు రికార్డుల సంపుటంగా వెలువడింది. పేరు ‘విల్ ది సర్కిల్ బీ అన్‌బ్రోకెన్’. ఈ వలయం తెగకుండా నిలుస్తుందా అని అర్థం. అందులో బాస్ వాయించిన జూనియర్ హస్కీ రికార్డింగు ముగిసిన కొద్ది వారాలకే కన్నుమూశాడు. మేబెల్ 1978లో వెళ్లిపోయింది. ఆ కుర్రాళ్లు ఇంకో ఏడాది చూద్దాంలే అనుకుని ఉంటే?

మన ఇళ్లలోనూ జోలపాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు వచ్చిన అమ్మమ్మలూ, అత్తగార్లూ ఉన్నారు. ఇవాళ స్టూడియో అక్కర్లేదు, చేతిలో ఫోను చాలు. ‘పాడండి’ అని ఊరికే అడిగితే సిగ్గుపడతారు. పక్కన కూర్చుని మీరూ గొంతు కలపండి. మధ్యలో దగ్గినా, కుక్కరు కూత వేసినా ఆపకండి. ‘ఇది మా మేనత్త నేర్పింది’ లాంటి మాట వస్తే అదీ ఉండనివ్వండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ ఒక పుస్తకంలో రాసిపెట్టండి.

జాడీలో ఆవకాయ అయిపోతే వచ్చే వేసవికి మళ్లీ పెట్టుకోవచ్చు. ఆ గొంతు మాత్రం మళ్లీ దొరకదు. ఈ ఆదివారమే మొదలుపెడతారు కదూ! సెలవు.